నా జబ్బు కోసం నా బిడ్డ చేసిన ఉపవాసం

సహోదరులారా, నీళ్ల బిందెలో పక్కింటివాళ్లు విషం కలిపారని అరిచి, దాహమన్న బిడ్డ చేతిలోంచి గ్లాసు లాక్కుని పారబోసిన తల్లిని నేను! నా పేరు సుగుణ, మాది తిరువళ్లూరు, మా ఆయన ఆవడిలో ఫ్యాక్టరీ పనికి రోజూ రైలెక్కి పోయివస్తాడు, మాకు ఒక్కతే కూతురు, కెజియా. అది బడికి పోవడం మొదలుపెట్టిన కొత్తలోనే నాకీ జబ్బు వచ్చింది. ఇంట్లో ఎవరూ లేకపోయినా నా చెవుల్లో మనుషులు మాట్లాడేవాళ్లు, నన్ను తిట్టేవాళ్లు, నేను తిరిగి తిట్టేదాన్ని, వీధివీధంతా గుమికూడి చూసేది, మా ఆయన తలెత్తుకుని నడవలేకపోయేవాడు. అయ్యో, ఆ రోజులు పగవాళ్లకు కూడా వద్దు!

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చూసి, ఇది స్కిజోఫ్రీనియా అనే జబ్బు, మందులతో అదుపులో పెట్టవచ్చు అని చెప్పి మాత్రలిచ్చింది, మా ఊళ్లో సంఘమంతా మోకరించి కన్నీళ్లతో ప్రార్థించింది, దేవుడు కనికరించాడు, ఆ గొంతులు ఆగాయి, నేను మళ్లీ వంట చేసి బిడ్డకు జడ వేశాను. మా సంఘంలో నెలలో మొదటి ఆదివారం, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల ఆదివారం. పెద్దవాళ్లు సాక్ష్యం చెప్తే వినేవాళ్లు ఆవలిస్తారు, చిన్నపిల్లలు చెప్తే కళ్లు తుడుచుకుంటారు, ఇది మీకూ తెలుసు నాకూ తెలుసు! అందుకని అందరూ కలిసి కెజియాను స్టూలెక్కించారు. దానికి తెలుగు చదవడం రాదు, బళ్లో నేర్చింది తమిళమే, కాబట్టి వాళ్ల నాన్న ఒక్కొక్క మాటే చెప్పించి కంఠతా పట్టించాడు. "మాయమ్మకి జబ్బు పూర్తిగా పోయింది. నేను విశ్వాసంతో ప్రార్థన చేసినాను, యేసయ్య విన్నాడు," అని అది చెప్పగానే మందిరమంతా హల్లెలూయలతో మార్మోగిపోయింది, బిడ్డ ముఖం వెలిగిపోయింది.

పూర్తిగా పోయిందని మైకులో చెప్పాక ఇంకా మాత్రలు మింగితే ఆ సాక్ష్యాన్ని మనమే కాదన్నట్టు కాదా అని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. మాత్రలు ఆగిపోయాయి, కొన్ని నెలలకు ఆ గొంతులు తిరిగి వచ్చాయి, ఈసారి మరింత గట్టిగా! నన్ను ఆసుపత్రిలో చేర్చారు. కెజియాకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు, అమ్మ ఊరికి పోయిందన్నారు. అదేమో ఏడవలేదు, ఏదీ అడగలేదు, వాళ్ల నాన్నకు అన్నం వడ్డించింది, నా బట్టలు మడిచి పెట్టింది, వచ్చిన ప్రతివాళ్లూ ఎంత మంచిపిల్లో అని మెచ్చుకుని పోయారు. సహోదరీలారా, తొమ్మిదేళ్ల పిల్ల ఏదీ అడగకుండా ఉంటే మెచ్చుకోకండి, భయపడండి!

ఒకరోజు బళ్లో ప్రార్థనకు నిలబడిన పిల్ల నిలబడినట్టే కిందపడిపోయింది. టీచరు కబురు పెడితే మా ఆయన పని వదిలేసి పరుగెత్తుకుంటూ పోయాడు. అక్కడ తెలిసింది, మధ్యాహ్నం అన్నం పక్కపిల్లలకు పెట్టేసి తాను చాలాకాలంగా ఖాళీ కడుపుతో కూర్చుంటోందని! ఎందుకమ్మా అని వాళ్ల నాన్న అడిగితే అది చెప్పిన మాట వినండి. "నేనే గదా నాయనా, పూర్తిగా పోయిందని అందరి ముందరా చెప్పింది? నాకు విశ్వాసం చాల్లేదు, అందుకే అమ్మకి మళ్లా వచ్చేసింది. ఉపవాసముండి యేసయ్యని అడగతా ఉండాను." అంతటి మనిషి పసిపిల్లాడిలా ఏడ్చాడట.

అక్కడినుంచి నేరుగా నేనున్న ఆసుపత్రికి వచ్చి, వరండాలో నిలబడి ఆయన చేసిన ప్రార్థన నాకు తర్వాత చెప్పాడు: "ప్రభువా, నా పెండ్లాన్ని ఎప్పుడు బాగు చేస్తావో అది నీ ఇష్టం. నా బిడ్డని మాత్రం ఈ జబ్బుకి అప్పజెప్పొద్దయ్యా!" దేవుడు ఆలస్యం చేయలేదు! కళ్లు తుడుచుకుంటున్న మా ఆయన దగ్గరికి ఆ వార్డులో కౌన్సెలింగ్ చేసే ఒక అక్క వచ్చి, ఇంట్లో పిల్లలున్నారా, వాళ్లతో ఎవరైనా మాట్లాడారా అని అడిగింది. అన్నాళ్లూ అందరూ నా సంగతే అడిగారు, నా బిడ్డ సంగతి అడిగిన మొదటి మనిషి ఆమె.

నాకు కాస్త నెమ్మదించాక ఆమె మమ్మల్ని ముగ్గురినీ ఒక్కచోట కూర్చోబెట్టి, కెజియాకు అర్థమయ్యే తమిళంలో జబ్బు పేరుతో సహా అంతా చెప్పింది, ఇది నీ వల్ల రాలేదు, నువ్వు తగ్గించాల్సిందీ కాదు అని చెప్పింది. అప్పుడు నా బిడ్డ, నాకూ వస్తుందా అని అడిగింది. ఆ అక్క దాచలేదు. రాకపోవడానికే ఎక్కువ వీలుంది తల్లీ, నువ్వు వేళకు తిని, నిద్రపోయి, ఆడుకుని, భయమేస్తే చెప్పుకో, అదే నీకు కాపుదల, ఎప్పుడైనా తేడాగా అనిపిస్తే మేమున్నాం అంది. అమ్మకు మళ్లీ బాగాలేకపోతే పాప ఎక్కడ ఉండాలో ఆ రోజే అనుకున్నాం: పాండూరులో మా వదిన ఇల్లు. అక్కడ ఒక జత యూనిఫాం ఎప్పుడూ ఉంటుంది, బడికి టౌన్ బస్సుంది.

మా పాస్టరయ్యకు సంగతంతా తెలిసింది. తర్వాతి సాక్ష్యాల ఆదివారం ఆయనే కెజియా ముందుకు వచ్చి, "మీయమ్మ జబ్బు నీ విశ్వాసాన్ని బట్టి లేదు తల్లీ. మాత్ర ఏసుకునేది అపనమ్మకమూ కాదు. ఉపవాసాలు పెద్దోళ్లం మేముంటాము, నువ్వు కడుపునిండా తిను," అని సంఘమంతా వినేటట్టు చెప్పాడు. ఆ రోజు ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో నా బిడ్డ మారు వడ్డించుకుని మరీ తింది! ఇప్పుడు మా సంఘంలో ఎవరి జబ్బు కోసం ప్రార్థన పెట్టినా, ఇంట్లో పిల్లకాయలెట్లుండారు అని ముందు అడుగుతారు, ఎవరో ఒకరు ఆ పిల్లలకు అన్నం క్యారియర్ తీసుకుని పోతారు.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టి మానకుండా వేసుకుంటున్నా, పోయిన వానాకాలంలో ఆ గొంతులు మళ్లీ వచ్చాయి. ఈసారి నేను దాచలేదు, మా ఆయనకు చెప్పాను, మేము ఆసుపత్రికి బయలుదేరాము, కెజియా బడిసంచి తగిలించుకుని నా బుగ్గ మీద ముద్దుపెట్టి వదినతో పాండూరు పోయింది. అక్కడ తింది, నిద్రపోయింది, పరీక్షలు రాసింది, నేను తిరిగి వచ్చేసరికి పరుగుపందెంలో రెండో స్థానమే వచ్చిందని మూతి ముడుచుకుని కూర్చుంది! జబ్బు వచ్చింది సహోదరులారా, కానీ నా బిడ్డ మీద దానికి అధికారం లేకుండా పోయింది! దేవునికే మహిమ!

మాత్రలు ఈరోజుకీ వేసుకుంటున్నాను, ప్రార్థన కూడా మానలేదు, రెండూ ఆయన చేతిలోంచి వచ్చినవే. మీ ఇంట్లో కూడా ఇలాంటి జబ్బును తలుపు మూసి దాచిపెట్టి ఉంటే ఈరోజే ఆయన్ను నమ్మి తలుపు తీయండి, బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకుని నిజం చెప్పండి, ఆయన సిగ్గుపరచడు! ఈ పొద్దున ఈ కూడిక కోసం తిరుత్తణికి రైల్లో వస్తుంటే, కిటికీ సీట్లో నేను కూర్చున్నానని నా కూతురు నాతో గొడవపడింది. "ఎప్పుడూ నీకేనా మా? నేను కూసోకూడదా?" అని బోగీ అంతా వినేటట్టు అరిచింది. ఒకప్పుడు నేనెక్కడ బెదిరిపోతానోనని దగ్గు కూడా ఆపుకున్న పిల్ల, సహోదరులారా! నేను స్తోత్రం, స్తోత్రం అంటూ ఆ కిటికీ పక్కనే ఏడ్చాను. కూడిక అయ్యాక భోజనాల దగ్గర ఉంటాను, ఈ బరువు మోస్తున్నవాళ్లు ఎవరైనా సిగ్గుపడకుండా వచ్చి నాతో మాట్లాడండి. కెజియా కూడా అక్కడే ఉంటుంది, ఇంకా నా మీద కోపంగానే ఉంటుంది, ప్రభువుకు స్తోత్రం!