ఖాళీ బండి ఎగిరినప్పుడు

మా చిన్నప్పుడు... నాన్న పిక్అప్ ఖాళీగా ఇంటికొస్తోందంటే రెండు వీధుల అవతలి నుంచే తెలిసిపోయేది. వెనక తలుపు గొలుసు గలగలలాడేది. ఆ చప్పుడు వినగానే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది.

మాది నరసాపురం వైపు. చెరువుల దగ్గర రొయ్యల్ని ఐసులో పెట్టి ఫ్యాక్టరీకి చేరవేయడం నాన్న పని. అప్పటికే పాత బండి అది. ఆదివారం చర్చి నుంచి రాగానే తెల్ల చొక్కా విప్పేసి, గోనెపట్టా పరుచుకుని దాని కింద దూరేవాడు... ఇక అన్నానికి పిలిచినా రాడు.

చెక్కలు కట్టి తొట్టి ఎత్తు పెంచాడు. టార్పాలిన్ కోసం పైపులు వంపించాడు. చివరికి కమాన్లకి ఇంకో పట్టీ వేయించాడు. చక్రాల మీద బరువు మోసే ఆ ఇనప పట్టీలు ఎన్ని ఎక్కువుంటే అంత సరుకు ఎక్కించొచ్చు. మా వైపు పిక్అప్ ఉన్నవాళ్ళంతా చేసే పనే. వేయించనివాడు చేతకానివాడి కింద లెక్క!

ఆ పట్టీ పడ్డాక నాకు పండగే. సరుకుతో ఉన్నప్పుడు పెద్దమనిషిలా నడిచే బండి, ఖాళీ అయ్యిందంటే గతుకు వచ్చిన ప్రతిచోటా లేగదూడలా ఎగిరేది. "నాన్నా, ఇంకోసారి!" అని ఒకటే గోల చేసేదాన్ని.

ఒక సాయంత్రం... సన్నగా వాన. సరుకు దింపేసి వస్తుంటే కాలవగట్టు మలుపులో బండి కాలవలోకి పోయింది. నాన్న మళ్ళీ ఇంటికి రాలేదు.

"రోజూ అంత లోడుతో తోలేవోడు, ఖాళీ బండిని కాలవలో పడేశాడంటే తాగే ఉంటాడు" అన్నారు ఊళ్ళో. మా నాన్న చుక్క ముట్టని మనిషి! సమాధి దగ్గర కూడా అదే గుసగుస. నరం లేని నాలుక కదా... ఏమైనా అంటుంది. అమ్మ చర్చిలో ముందు చాప మీద కూర్చోవడం మానేసింది. గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోట కూర్చునేది.

సాయంత్రమైతే మాత్రం ఆమె చెవి వీధి వైపే. "గొలుసు చప్పుడు వినబడలేదా ఏంటే?" అని లేచేది. నాకూ వినబడేది... ఒట్టు. ఇద్దరం వసారాలోకి వెళ్ళి నిలబడేవాళ్ళం. వీధిలో ఏమీ ఉండేది కాదు. లోపల మాత్రం ఎసరు మరిగిపోతూ ఉండేది.

ఇప్పుడు జర్మనీలో, డార్మ్‌స్టాట్‌లో ఉంటున్నాం. మా ఆయన కిరణ్‌ది వరంగల్. అక్కడ లేని పిచ్చి ఇక్కడికొచ్చాక పట్టుకుంది... పాత పిక్అప్ ఒకటి కొన్నాడు. ఇంటి ముందు విప్పదీస్తే చుట్టుపక్కలవాళ్ళు ఊరుకోరు కాబట్టి ఊరి బయట షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. శనివారం వస్తే దాని కిందే కాపురం. మన స్టూడెంట్స్ ఎవరు ఇల్లు మారినా ముందు ఫోన్ మా ఆయనకే. పిక్అప్ ఉన్నవాడికి చుట్టాలెక్కువ!

మొన్న అలాగే ఒక అబ్బాయి సామాను కొండల్లో ఉన్న ఊరికి చేర్చి తిరిగొస్తున్నాం. వాన పడుతోంది. తొట్టి ఖాళీ. వెనక సీట్లో మా పాప రూతు. ఒక మలుపులో చిన్న గతుకు... బండి వెనక భాగం ఎగిరి, పక్కకి జారింది. కిరణ్ ఎలాగో నిలబెట్టాడు.

"నోహ్ మాల్, పప్పా!" అని రూతు చప్పట్లు కొట్టింది. ఇంకోసారి అట!

ఆ ఎగురుడు నాకు తెలుసు. తలకి తట్టకముందే నా నడుముకి తెలిసిపోయింది.

"కిరణ్... దీనికేం చేశావు?"

"ఏం లేదు, సామాను మస్తు అయితుందని కమాన్లకు ఇంకో పట్టీ ఏసిన. చెకింగోళ్ళు వచ్చే వారానికి టైమిచ్చిన్రు, టెర్మిన్ ఉంది. ఖాళీగుంటే జర గట్టిగుంటది, తడి రోడ్డు మీద వెనక చక్రాలు పట్టు తప్పుతయి. లోడుంటే ఏం కాదు."

"బండి ఆపు."

ఆపాడు. "ఆ రోజు మా నాన్న బండి కూడా ఖాళీగానే ఉంది" అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి అంతా చెప్పాను. నన్నూ పాపనీ బస్సెక్కించి, మెల్లగా షెడ్డుకి తోలుకెళ్ళి ఆ పట్టీ విప్పేశాడు.

నాకేమో మనసు ఆగలేదు. ఇంటికి రాగానే అమ్మకి ఫోన్ చేశాను. ఇన్నాళ్ళ నింద పోయిందన్న సంబరం నాది!

"అమ్మా, నాన్న తాగి పడెయ్యలేదమ్మా! ఆ పట్టీ వల్ల... ఖాళీ బండి కాబట్టే జారింది. ఇక ఎవరేమన్నా తలెత్తుకుని చెప్పు."



"తాగలేదని నాకు తెలీదేంటే..." అంది అమ్మ. "ఆ పట్టీ ఎయ్యించమని పోరు పెట్టింది నేనేనమ్మా. రెండు ట్రిప్పులు ఒకటైతే చీకటి పడకుండా ఇంటికొచ్చేత్తారని..."

నాన్న మీద నింద తీశాననుకున్నాను... తీసి అమ్మ మీద పెట్టాను.

ఇప్పుడు అమ్మ రోజూ ఫోన్ చేస్తుంది. "అల్లుడు అది తీసేశాడు కదమ్మా?" అని అడుగుతుంది. తీసేశాడమ్మా అంటాను. మర్నాడు మళ్ళీ అడుగుతుంది.

ఇక్కడ బండికి ఏం మార్చినా టెర్మిన్ తీసుకుని చూపించుకోవాలి. మనవాళ్ళంతా విసుక్కుంటారు, నేనూ విసుక్కున్నదాన్నే. ఆ రోజుల్లో మా నాన్నని ఆపి, కిందకి వంగి చూసి, "ఇది తీసెయ్యవయ్యా" అనేవాడు మాకు ఒక్కడూ లేకపోయాడు.

మీ నాన్నల బళ్ళ కబుర్లు కూడా రాయండి, అన్నీ చదువుతాను. ఆయన ఇంకా తోలుతూ ఉంటే మాత్రం... రాయడం తర్వాత. ముందు ఫోన్ చేసి, ఖాళీగా వచ్చేటప్పుడు బండి ఎగురుతోందా అని అడగండి.