మా ఇంటి కుక్క, మా అయ్యవారు

మా గురువర్యులు సింగరాచార్యుల వారు మొన్న శుక్రవారం ఉదయం నంద్యాల ఆస్పత్రిలో పరమపదించారు. ఆ వార్త మొదటి బస్సులో ఆళ్లగడ్డకు వచ్చింది. బడిలో జరిగిన సంతాప సభలో పెద్దలు విధి అన్నారు, ప్రారబ్ధం అన్నారు. విధికేం, నోరు లేదు గనుక ఎవరేమన్నా పడుతుంది. ఆయనను పొట్టన పెట్టుకున్నది మా ఇంటి కుక్క. ఆ కుక్క కథ చెప్పకుండా ఆయనను గురించి రాయడం నాకు చేతకాదు.

అహోబిలంలో స్వామి సన్నిధిలో దివ్యప్రబంధం చెప్పుకునే వంశంలో పుట్టి, ఆళ్లగడ్డ బడిలో తెలుగు చెప్పడానికి వచ్చిన పండితులాయన. మండుటెండలోనూ చెప్పులు లేని నడక. ఏ పిల్లయినా బడికి రాకపోతే సాయంకాలం ఆ ఇంటి గడప ముందు నిలబడి "ఏందీ, పిల్ల రాలేదే?" అని అడిగేవారు. తండ్రి తలవంచుకుంటే, "నీ పిల్లది తప్పు గాదప్పా. నా పాఠంలో ఉప్పు తక్కువయిందేమో" అనేవారు. ఆ మాటకు సిగ్గుపడి పిల్లలను బడికి పంపినవారు ఈ ఊళ్లో ఎందరో. ఇరవై ఏళ్ల కిందట ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి నేను.

ఇక మా అన్న సంగతి. మా దాయాది ఇంట్లో తుపాకి ఉంది. మా అన్న అర్జీ పెట్టుకుంటే లైసెన్సు రాలేదు. ఆ అవమానంతో ఆయనకు అన్నం సహించలేదు. యుద్ధం ముగిసి స్వదేశం పోతున్న ఒక దొర దగ్గర, నంద్యాలలో, దూడంత సీమకుక్కను కొని తెచ్చాడు. "తుపాకికి లైసెన్సు గావల్ల. దీనికేం గావల్లప్పా, రోంత మాంసం" అన్నాడు. రేషను బియ్యానికి వీధి వీధంతా బారులు తీరిన రోజుల్లో అది పాలు తాగింది, పొట్టేలు మాంసం తిన్నది. నా గొప్ప కూడా దాచను. గొలుసు పట్టుకొని నేను బజారులో నడుస్తుంటే జనం గోడలకు అంటుకుపోయేవారు. అది చూసి నా ఒళ్లు పొంగేది.

రెండు నెలలు తిరగకముందే మా అరుగు బోసిపోయింది. తగాదాలు తీర్చుకోవడానికి వచ్చే రైతులు రావడం మానేశారు. నీళ్లకు పోయే ఆడవాళ్లు మా వీధి విడిచి చుట్టుదారి పట్టారు. మా అన్న దాన్ని భయభక్తులనుకున్నాడు. ఆచార్యులవారు ఒకనాడు నాతో అన్న మాట ఇది: "మీ నాయన అరుగుమింద కూసుంటే ఆయన్ను చూసే లేసి నిలబడేవాళ్లు. మీ అన్నకు కుక్క గావల్సొచ్చింది. తనమింద తనకే నమ్మకం లేదప్పా ఆయనకు."

వడ్లవారి చిన్నపిల్ల కుక్కకు జడిసి బడి మానేసింది. బడివేళకు కుక్కను కట్టేయమని చెప్పడానికి ఆచార్యులవారు మా గడపకు వచ్చారు. మాట పూర్తికాకముందే అది ఆయన పిక్క పట్టింది. మా అన్న నవ్వుతూ, "ఏం గాదు అయ్యవారూ. సీమకుక్కకు పిచ్చి రాదు. ఇది ఊరకుక్క గాదు గదా" అన్నాడు. డాక్టరు మాత్రం కట్టు కట్టి, కుక్కను పదిరోజులు కనిపెట్టి ఉండమన్నాడు. దానికేమైనా అయితే తక్షణం నంద్యాల పోయి సూదులు వేయించుకోవాలన్నాడు.

నాలుగోనాడు కుక్క మా కొట్టంలో చచ్చింది. దవడ వేలాడటం, చొంగ కారడం నేను చూశాను. చూసి కూడా, దాయాది విషం పెట్టించాడని అన్న అంటే నమ్మాను. నమ్మడం తేలిక గనుక. "కుక్క సచ్చిందని తెలిస్తే రేపు వాడు మీసం దువ్వుతాడు. ఒగరికీ తెలియగూడదు" అన్నాడు అన్న. దాని తోబుట్టువొకటి నంద్యాలలోనే ఆ దొర బట్లరు దగ్గర మిగిలి ఉంది. మరునాటికల్లా దాన్ని తెచ్చింది నేనే. ఊరందరికీ కనబడేటట్టు బజారులో తిప్పిందీ నేనే.

ఆచార్యులవారు ప్రతి సాయంకాలం కుంటుతూ మా వీధి మొదటికి వచ్చి కుక్కను చూసి పోయేవారు. ఏడోనాడు దగ్గరికి వచ్చి అడిగారు.

"ఏమప్పా, ఇది ఆ కుక్కేనా? రోంత బక్కపడినట్టుండాదే."

"అదే అయ్యవారూ."

"నువ్వు చెప్తాండావు గదా, సాలు" అని వెళ్లిపోయారు.

పదోనాడు, గండం గడిచిందని, ఆయన తరగతిలో పిల్లలందరికీ బెల్లం పంచారట. నెలన్నర తరువాత నీళ్ల చెంబు చూసి వణకడం మొదలుపెట్టారు. నంద్యాలకు తీసుకుపోయేసరికి వైద్యం చేయి దాటిపోయింది. ఆజన్మ వైష్ణవుడికి కడపటి గడియలో తులసితీర్థం గొంతు దిగలేదు. దానికి బాధ్యుణ్ణి నేను. మా అన్న ఆయన పటం బడికి బహూకరిస్తానంటున్నాడు. రెండో కుక్క ఇప్పటికీ మా వాకిట్లోనే ఉంది.

అటువంటి విద్వాంసుడు మళ్లీ ఈ సీమకు దొరకడు. ఈ వ్యాసం నన్నే రాయమని అడిగింది ఆయన భార్య, అయ్యవారమ్మ. నిన్న ఆమె ఎదుట కూర్చొని కుక్క మారిన సంగతి చెప్పాను. తిట్టలేదు, ఏడవలేదు.

"ఆయన నీ మాట నమ్మి సచ్చిపోయినాడు. అది గూడా రాయి నాయనా" అంది.

రాశాను. ఆ పాదాలకు నమస్కరించే అర్హత నాకు లేదు. ఇది చదివినవారెవరైనా నా బదులు నమస్కరించండి.