మూతి మడిచిన బీడీ

నా చిన్నప్పుడు మా వీధిలో ఒక మాట పుట్టిందంటే మధ్యాహ్నానికల్లా అన్ని ఇళ్లూ తిరిగి వచ్చేది. మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, తెలుగువాళ్లుండే మా నీలం నగర్‌లో ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతూ వరుసగా కూర్చునేవారు. చేతులకే పని, నోళ్లు ఖాళీ. అలా ఒకరోజు వచ్చిన మాట మా పక్కింటి అక్క గురించి. ఆమెకు కాన్పై అయిదో రోజు. చనుమొనలు లోపలికి ముడుచుకుని ఉన్నాయట, బిడ్డ నోటికి అందడం లేదట. పసిదాని ఏడుపు రోజురోజుకూ సన్నబడుతోంది. అక్క అత్త మాత్రం, దేవుడు కోడలికి రొమ్ములిచ్చి పాలివ్వడం మరిచాడని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. ఇక తల్లిపాల ఆశ మానుకుని డబ్బా పాలే పట్టాలని తేల్చేసింది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ అక్కకు పాలు రావట అని నేను కూడా మా గడపలో నిలబడి గొప్పగా చాటాను. మా నాన్నను కన్న అవ్వ ఆ మాట విన్నది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదని తర్వాత అనిపించింది.

నన్ను రెక్క పట్టుకుని తీసుకెళ్లి ఆడవాళ్ల మధ్య, సరిగ్గా ఆ అత్తకు ఎదురుగా కూర్చోబెట్టింది. ఒక బీడీ తీసి నా చేతిలో పెట్టింది. బీడీ చుట్టాక పొగాకు రాలిపోకుండా ఆకు అంచుల్ని లోపలికి నొక్కి మూతి మూస్తారు. ఆ పని మా వీధిలో పసిపిల్లలకూ తెలుసు.

"దీని మూతి ఎటున్నది?"

లోపలికి అన్నాను.

"అయితే అండ్ల పొగాకు లేనట్టేనా?"

గోటితో మూతి విప్పాను. పొగాకు నా గౌను మీద రాలింది. అప్పుడు అవ్వ తలెత్తి అందరినీ చూసింది. "నాయి గూడ గిట్లనే ఉండె. నలుగురు పిల్లలు తాగిండ్రు. శక్ ఉంటే దీని నాయిననడుగుండ్రి."

అత్త తల దించుకుని ఆకు కత్తిరిస్తూ ఉండిపోయింది.

అవ్వ లేచి పక్కింట్లోకి వెళ్లింది. వెనకే నేను. అక్క ఒళ్లో చాట ఉంది, బాలింతకు కూడా అప్పుడే పని పెట్టారు. అవ్వ చాట లాగేసి, పొగాకు వాసన పోయేదాకా ఆమె చేతులు సబ్బుతో కడిగించింది, రవిక మార్పించింది. చేత్తో కొంచెం పాలు పిండించి ఉగ్గుగిన్నెలో పట్టింది. గిన్నె పట్టుకున్నది నేనే. నేను లేవన్న పాలు నా కళ్లముందే చిక్కగా, పసుపుపచ్చగా గిన్నె అడుగున చేరాయి. నాకు సిగ్గేసింది.

ఆ పాలు కొన్ని చుక్కలు తాగాక బిడ్డ ఏడుపు తగ్గింది. అప్పుడు రొమ్మును వెనక నుంచి వేళ్లతో అదిమి పట్టుకోమంది. బిడ్డ నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి దగ్గరికి తీసుకోవాలని, మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం నోటి నిండా పట్టాలని చూపించింది. ఆ రోజు బిడ్డ పట్టలేదు. అక్క ఏడ్చింది. "పట్టకుంటె గిన్నెతోనే పోద్దాం. గిండ్ల నీ తప్పేమున్నది?" అన్నది అవ్వ.

ఆ తర్వాత మూడో రోజుకు బిడ్డ ఒక వైపు రొమ్ము పట్టింది. రెండో వైపుకు ఇంకో వారం పట్టింది. బిడ్డ తడిపిన గుడ్డల్ని అవ్వ ఏరోజుకారోజు ఉతికించి, పెరట్లో కాకుండా వీధి వైపు తాడు మీద ఆరేయించింది. పాలే లేకపోతే ఇన్ని గుడ్డలెలా తడుస్తాయి? అత్త వాటిని లోపలికి తీయబోతే, "ఉండనియ్యి, అందరు సూడనియ్యి" అన్నది.

పన్నెండేళ్ల తర్వాత నా మొదటి కాన్పులో, ఆస్పత్రిలో నా రొమ్ములు చూసిన ఆయా పెదవి విరిచింది. నాకూ అవ్వ పోలికే వచ్చింది మరి. పక్క మంచాలవాళ్లు కూడా ఇటే చూస్తున్నారు. నేను కొంగు లాక్కోలేదు.

"మా ఇంట్ల గిట్లనే ఉంటయి. బిడ్డనియ్యి" అన్నాను.

ఇప్పుడు డెబ్బై దాటాను. ఎవరింట్లో పురుడైనా చూడటానికి వెళ్తాను. అక్కడెవరైనా పాలు రావట అని మొదలుపెడితే, ముందు వాళ్లను బయటికి పంపి, తర్వాత చేతులు కడుక్కుని ఉగ్గుగిన్నె అందుకుంటాను.