నాచు వడియాలు

1996 జనవరి 20, శనివారం సాయంత్రం. కట్టంగూర్‌లో మా హైస్కూలు గ్రౌండు. ఉన్నవారు: వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి నేను, పిల్లల మాటలో డ్రిల్లు సారును, పదో తరగతి చదువుతున్న శోభ, ఆమె తండ్రి రైతు లింగయ్య, మా అటెండరు ఖాజామియా, చౌటుప్పల్ నుంచి స్కూటరు మీద వచ్చిన ఒక ఏజెంటు.

డైరీలో ఆ పూట గురించి ఇంతే రాసుకున్నాను. తర్వాత జరిగినదానికి మాత్రం చాలా పేజీలే పట్టాయి.

ఫిబ్రవరిలో నల్లగొండలో జిల్లా క్రాస్ కంట్రీ పోటీ ఉంది. క్రాస్ కంట్రీ అంటే గీతలు గీసిన ట్రాక్ మీద పరుగు కాదు. మెట్ట చెలకలు, పొలం ఒడ్లు, రాళ్ల బాటలు దాటుకుంటూ పోయే దూరపు పరుగు. మొదటి ముగ్గురు రాష్ట్ర పోటీలకు పోతారు. వాళ్లకు నల్లగొండ జూనియర్ కాలేజీలో సీటు, హాస్టల్ దొరికే వీలుంది. శోభకు కావలసింది అదే. పది కాగానే చదువు చాలని లింగయ్య ముందే చెప్పేశాడు. హాస్టల్ వస్తే పంపుతానన్నాడు, రాకపోతే లేదు. బిడ్డంటే ప్రేమ లేక కాదు, రోజూ బస్సుల్లో తిప్పే స్తోమత లేక.

ఏజెంటు తన సంచిలోంచి ఆకుపచ్చ గోలీల డబ్బా తీశాడు. పేరు స్పైరులినా. అది నీళ్లలో పెరిగే నాచేనని, ఎండబెట్టి గోలీలు చేస్తారని, రోజూ మింగితే రక్తం పెరిగి దూరం ఉరికేవాళ్లకు దమ్ము నిలుస్తుందని చెప్పాడు. ఖాజామియా గోలీని వాసన చూసి, "నాచు తింటే ఉరుకుతరా? మరి మా ఊరి కప్పలన్నీ పతకాలు తేవాలె గద సార్" అన్నాడు. ఏజెంటు కూడా నవ్వాడు. లింగయ్య మాత్రం నవ్వలేదు. ధర విని డబ్బా తిరిగి ఇచ్చేశాడు. ఏజెంటు పోతూపోతూ శోభ చేతిలో నమూనాగా నాలుగు గోలీలు పెట్టి వెళ్లాడు.

అందులో మాంసకృత్తులు ఉన్న మాట నిజమేనని, మింగినంత మాత్రాన పరుగు రాదని లింగయ్యకు చెప్పాను. శోభకు అంతకుముందే దవాఖానలో రక్తపరీక్ష చేయించాను, లోటేమీ లేదు. జొన్నరొట్టె, పల్లీలు, ఆకుకూర తప్పకుండా పెట్టమన్నాను. ఆయన తల ఊపాడు. ఆ గోలీల మాట ఆయన ఇంట్లో ఎక్కడిదాకా పోతుందో నాకు అప్పుడు తెలియదు.

పోటీకి ముందు వారం శోభ చేత టెంపో రన్ చేయిస్తున్నాను. పూర్తి వేగం కాదు, పక్కవాళ్లతో మాట్లాడటం కష్టమయ్యేంత వేగంతో నిలకడగా ఉరకడం. ఎప్పుడూ వెనుదిరిగి చూడని పిల్ల సగం దూరంలో ఒడ్డు మీద కూలబడి వాంతి చేసుకుంది. ఖాజామియా నీళ్లు తీసుకొని పరుగెత్తాడు.

"పాలకూర తిన్నవా బిడ్డా?"

"లేదు చాచా."

"మరి గీ రంగేంది?"

శోభ నీళ్లు పుక్కిలించి మూతి తుడుచుకుంది. రెండు రోజులుగా కడుపు కూడా బాగాలేదని తర్వాత బతిమాలితే చెప్పింది. కారణం మాత్రం చెప్పలేదు. దవాఖానలో డాక్టరుగారు ఓఆర్ఎస్ పొట్లాలు ఇచ్చి, ఏం తిన్నదో ఇంట్లో కనుక్కోమన్నారు. సైకిలు మీద వాళ్లింటికి వెళ్లాను.

పశువుల కొట్టం ముందు పాత చీర పరిచి ఉంది. దాని మీద వరుసగా నల్లటి ఆకుపచ్చ బిళ్లలు, అచ్చం వడియాల్లా. లింగయ్య తల్లి రామక్క పక్కన కూర్చొని కాకుల్ని తోలుతోంది. నన్ను చూడగానే సంతోషపడింది. కొడుకు గోలీల సంగతి చెప్పాడట. తమ బావి మెట్లనిండా ఉన్నదాన్ని పైసలిచ్చి కొనడం ఏమిటని, గీరి, కడిగి, ఉప్పు కలిపి తానే పెట్టిందట.

"డబ్బాల అమ్మేది గిదే గద సారూ. ముందుగాల రెండు దినాలు నేనే తిన్న. నాకేం గాలే. గప్పుడే పిల్లకు పెట్టిన."

శోభ ఎందుకు నోరు విప్పలేదో అర్థమైంది. నాకు నవ్వు రాలేదు. వడియం పెట్టడం తెలిసిన చెయ్యి, కొనలేనిదాన్ని ఇంట్లోనే చేసి పెట్టాలని చూసింది. గోలీల నాచు ఒక్క రకమని, దాన్ని శుభ్రమైన తొట్లలో వేరే పెంచుతారని, బావిలో నాచు ఎన్నో రకాలని, అందులో విషమున్నవి కూడా ఉంటాయని, పైనుంచి చేలల్లో చల్లిన మందులు దిగుతాయని మెల్లగా చెప్పాను. ఆమె చీర అంచులు దగ్గరకు లాగి బిళ్లలన్నీ మూట కట్టింది. తర్వాత లేచి, కోళ్లు కూడా ముట్టకుండా మొత్తం గుంత తీసి పాతేసింది.

ఈసారికి పోటీ వద్దన్నాడు లింగయ్య. డాక్టరుగారు కూడా అనుమానంగానే ఉన్నారు. పోటీ ముందురోజు సాయంత్రానికి అన్నం నిలిచి, మెల్లగా ఉరికి చూసినప్పుడు కళ్లు తిరగకుంటే పంపవచ్చన్నారు. అన్నం నిలిచింది. కళ్లు తిరగలేదు. లింగయ్య ఇంకా వెనకాముందు ఆడుతుంటే శోభ ఒక్కటే అడిగింది.

"లైన్ల నిలబడనీ బాపూ. చేతగాకుంటే నేనే పక్కకొస్త."

శరీరంలో పూర్తి బలం లేదు. అందుకే నెగెటివ్ స్ప్లిట్ వేశాం. అంటే మొదటి సగం నిదానంగా, రెండో సగం వేగంగా. కాగితం మీద సులువే. అందరూ ముందుకు పోతుంటే వెనక ఉండిపోవడానికి మాత్రం గుండె కావాలి.

పోటీలో మొదటి మలుపు దగ్గర శోభ ఎక్కడో చివర ఉంది. లింగయ్య తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. రాళ్లబాట ఎక్కడం మొదలైంది. వేగంగా బయలుదేరిన పిల్లలు అక్కడ నడకకు వచ్చారు. శోభ ఒక్కొక్కరినే దాటింది. చివరి చెలకలో ఇంకో అమ్మాయి భుజం పక్కనే వచ్చింది. చూడటానికి నాకు ధైర్యం చాలక ఖాజామియానే అడిగాను. "మూడో నంబరు సార్, మూడో నంబరు" అని ఆయన నా చెయ్యి నొక్కాడు. నా ఉద్యోగంలో అంతకంటే వేగంగా ఉరికిన పిల్లల్ని చూశాను. అంత బుద్ధిగా ఉరికిన పిల్లను చూడలేదు.

మొదట వచ్చిన అమ్మాయి ఆ గోలీలు వాడుతోందని తెలిసింది. దాచడం న్యాయం కాదు. అయితే రోజూ తెల్లారకముందే ఉరుకుతుందని కూడా వాళ్ల సారు చెప్పాడు. గోలీ ఎంత చేసిందో, కాళ్లు ఎంత చేశాయో నేను చెప్పలేను.

ఏజెంటు కెమెరాతో వచ్చాడు. శోభ చేతిలో డబ్బా పెట్టి, నమూనా ఇచ్చింది తనేనని, ఒక్క ఫోటో చాలని అన్నాడు. శోభ డబ్బా వెనక్కి ఇచ్చింది.

"నేను తిన్నది మీయి కాదన్నా, మా అవ్వ వడియాలు. తిని దవాఖానకు పోయిన. రాస్తవా మరి ఫోటో కింద?"

పక్కన ఉన్నవాళ్లంతా నవ్వారు. ఏజెంటు కెమెరా మూసుకున్నాడు.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా, కొత్తగా పరుగుకొచ్చిన ప్రతి పిల్లనూ మొదట అడిగింది ఒక్కటే: నిన్న ఏం తిన్నావు, ఎవరు వండారు? తర్వాత ఆ వండిన మనిషిని కలిసేవాణ్ణి. పిల్లకు తర్ఫీదు ఇస్తే సగం పని. ఆ ఇంటి పొయ్యి దగ్గర కూర్చొని, ఏది ఎందుకో చెప్పి రావడం మిగతా సగం.

పోటీ అయిన మర్నాడు పొద్దున సీటు సంగతి మాట్లాడటానికి నేనూ లింగయ్యా నల్లగొండ బస్సు కోసం బయలుదేరాం. బస్టాండులో రామక్క మాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది, ఉతికిన చీర కట్టుకొని. నువ్వెందుకని కొడుకు విసుక్కున్నాడు. హాస్టల్ వంటశాల చూసి రావాలట. పిల్లలకు ఏం పెడతారో, ఏ నీళ్లతో వండుతారో తన కళ్లతో చూడందే మనవరాలిని పంపదట.

బస్సు వచ్చింది. అందరికంటే ముందు ఆమే ఎక్కింది.