పడుకోమంటే పడుకున్న కంప్యూటరు

గౌరీశంకర్ మాస్టారికి ఒకటే పిచ్చి. ఏ కంప్యూటరు పేరు అడిగినా, పేరు కొట్టి ఊరుకోరు. పక్కనే ఒక సెమీకోలన్ పెట్టి, "పది సెకన్లు పడుకో" అని యంత్రం భాషలో ఒక ఆజ్ఞ తగిలిస్తారు.

టెక్కలిలో మాకు కంప్యూటరు పాఠాలు చెప్పింది ఆయనే. "కాపలావోడు పేరడిగినాడు. 'నాను గౌరీశంకర్ని, బీరువా తియ్' అన్నాను. తీసేసినాడనుకో, ఆడు కాపలావోడేటిరా?" అనేవారు. పేరు రాసే గడి ఆజ్ఞలు కూడా వింటే దొంగదే పెత్తనమని ఆయన బెంగ. అందుకే సినిమా టికెట్టు కొన్నా ఇదే తంతు. కంప్యూటరు పడుకోకుండా "ఇది పేరు కాదు" అని తిట్టిందంటే "గట్టిదే!" అని మురిసిపోతారు. ఈలోగా టికెట్లు అయిపోయి, ఆయన భార్య ఝాన్సీలక్ష్మి గారు నెత్తి కొట్టుకుంటారు.

మొన్న పలాసలో జగదీశ్వరరావు గారి జీడిపప్పు ఫ్యాక్టరీలో హాజరు వేయడానికి కొత్త ప్రోగ్రాం పెట్టారు. రాసింది నా క్లాస్‌మేట్ కిరణ్ కుమార్. వాడికదే మొదటి ఉద్యోగం. నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే వాళ్ల నాన్న దాని మీదే ఆశ పెట్టుకున్నాడు. కంప్యూటరుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మొదటి లాగిన్ మాస్టారి చేత్తో చేయించారు.

మాస్టారు పేరు కొట్టారు. సెమీకోలన్, పడుకోమనే ఆజ్ఞ కూడా కొట్టారు. తెర కదల్లేదు.

"ఏటయిపోనాది మాస్టారూ?" అన్నారు జగదీశ్వరరావు గారు.

"పడుకుండిపోనాది. ఎవుడైనా గుమ్మంకాడే నిలబడి అందరి హాజరూ తుడిపీగలడు."

"ఎవుడు రాసినాడిది? ఇప్పుడే ఇంటికి పంపీత్తాను!"

కిరణ్ కుమార్ గోడకి అతుక్కుపోయాడు.

"ఆడిననకండి. ఆడు నా శిష్యుడు. ఈ పాఠం నానే సెప్పనేదు. తప్పు నాది. సాయంత్రానికి ఇద్దరం కూకుని బాగుసేసీత్తాం."

జగదీశ్వరరావు గారు చల్లబడ్డారు. "మీరే సెప్పకపోతే ఆడేటి సేత్తాడు లెండి," అని ప్రసాదం పంచడానికి వెళ్లిపోయారు.

చెప్పకపోవడమా! ఆ పాఠం తప్ప ఆయన మాకు ఇంకేం చెప్పారు గనక! కిరణే ఆ క్లాసులు ఎగ్గొట్టి సోంపేట బస్సెక్కేవాడు. మాస్టారికి అక్కడే దండం పెట్టాలనిపించింది.

వాళ్లిద్దరూ కంప్యూటరు గది తలుపు మూసుకున్నాక లోపలి నుంచి మాస్టారి గొంతు వినపడింది.

"ఒరే, ఇప్పుడు సోంపేట బస్సు నేదు. కూకో. సెమీకోలన్ అంటే ఏటి?"