ఆకు మోసిన కొండ సైకిల్

కర్ణాటకలో సాదలికి ఉత్తరంగా, గుట్టలు మొదలయ్యే చోట ఒక చిన్న పల్లెలో నంజప్ప అనే రైతు ఉన్నాడు. మనిషి పొట్టి, మాట పొదుపు. దారుల సంగతి ఎత్తితే మాత్రం ఆయన నోరు మూయించడం ఎవరి తరమూ కాదు. చిన్నతనంలో పదేళ్ళు మేకలు కాశాడు. అక్కడి నుంచి బాగేపల్లి వైపు పోయే గుట్టల్లో ఏ కాలిబాట ఏ బండ దగ్గర చీలుతుందో, ఏ వంకలో ఎండాకాలం కూడా చెలమ తోడితే నీళ్ళు వస్తాయో ఆయనకు కంఠస్థం. బడికి పోయి నేర్చింది తక్కువ. బస్సు బోర్డు మీది కన్నడ అక్షరాలు కూడబలుక్కుని చదివేసరికి బస్సు వెళ్ళిపోతుంది.

ఊళ్ళో బోరుబావులు పడ్డాక మేకలు పోయి మల్బరీ తోట వచ్చింది. తోట వెనకే పట్టుపురుగులు వచ్చాయి. పురుగుల వెనకే అక్కమ్మ నంజప్ప పెళ్ళాంగా ఆ ఇంటికి వచ్చింది. ఆ రోజు నుంచి పురుగుల ఇంటికి ఆమే దొర. గడప బయట సున్నం తొక్కి, కాళ్ళూ చేతులూ కడుక్కోనిదే ఎవరూ లోపలికి పోకూడదు. బీడీ తాగినవాడు వాకిట్లోకే రాకూడదు. కాస్త ఘాటు తగిలినా పురుగు తిండి మానేస్తుంది మరి. ఒకసారి పట్టు ఆఫీసు నుంచి పంట చూడటానికి వచ్చిన పెద్దమనిషి సెంటు పూసుకున్నాడని ఆయన్ను కూడా వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడి పంపింది. నంజప్ప వంతు ఆకు కోసి తేవడం, చెప్పింది వినడం.

ఇలాంటి మనిషికి సైకిల్ పిచ్చి పట్టడానికి కారణం ఒక్కటే. ఒకనాడు తోటలో ఆకు కోస్తూ తల ఎత్తేసరికి ఎదురుగుట్ట మీద మూడు సైకిళ్ళు కనబడ్డాయి. లావు టైర్లు, తలలకు టోపీలు, ఎవరో బెంగళూరు పిల్లలు. మేకలు తప్ప ఎక్కని బండ మీద వాళ్ళు తొక్కుతూ పైకి పోతున్నారు. దిగి తోయడం లేదు, నిజంగానే తొక్కుతున్నారు. ఆయన కొడవలి చేత పట్టుకుని, వాళ్ళు గుట్ట దాటి కనుమరుగయ్యేదాకా అలాగే నిలబడిపోయాడు. ఆ పూట ఆకు ఆలస్యమైంది.

"యాడికి పోయినావు మామా? పురుగులు ఆకలికి ఎండుకోని ఉండాయి" అంది అక్కమ్మ.

"సైకిల్లు గుట్టెక్కతాండాయి మే."

"తాగినావా?"

ఆయన ఆకు మోపు గడప దగ్గర దించాడు. చెప్పినా ఆమె నమ్మదు.

రెండేళ్ళు గడిచాయి. చిక్కబళ్ళాపురం కొత్త జిల్లా అయిన ఏడు, కాలిపోయిన బోరు మోటారు రాగితీగ అమ్ముదామని నంజప్ప చింతామణి పోయాడు. పాత సామాన్ల అంగడిలో ఇనుప బీరువాల కింద ఒక లావు టైరు కనబడింది. వంగి చూశాడు. అదే జాతి సైకిల్. వెనక చక్రం వంకర పోయి ఉంది, సీటు చిరిగింది, చైను తుప్పుకు కర్రలా బిగుసుకుపోయింది.

"ఇది యాడిదప్పా?" అన్నాడు.

"బెంగళూరోల్లెవరో కైవార పక్క పడి, ఇరగ్గొట్టుకోని ఇచ్చేసి పోయినారు. ఇనుమూ కాదు, పాడూ కాదు. ఎవరూ కొనరు. తీసుకోని పో" అన్నాడు అంగడివాడు.

బదులుగా రాగితీగ అక్కడే వదిలేసి ఆయన సైకిల్ భుజాన వేసుకుని బస్సెక్కాడు. కండక్టరుతో జరిగిన గొడవ వేరే కథ. ఇంటి దగ్గర గొడవ ఇంకా పెద్దది. మడ్డి, తుప్పు, కిరసనాయిలు వాసన ఉన్న వస్తువు పురుగుల ఇంటి చుట్టుపక్కలకే రాకూడదని అక్కమ్మ తేల్చేసింది. దాంతో సైకిల్ కాపురం తోటలోని మోటారు షెడ్డుకు మారింది.

అక్కడ మూడు నెలలు ఆయన చేసిన పని చూసి ఊరు నవ్వింది. నవ్వనీ, వాళ్ళకేం తెలుసు? బిగుసుకుపోయిన సీటు గొట్టాన్ని కొబ్బరి చిప్పల మంట మీద వేడిచేసి, తిప్పితిప్పి రెండు రోజులకు ఊడదీశాడు. వంకర చక్రాన్ని సరిచేయడానికి పట్టుదారం వాడాడు. రెండు వెదురు బద్దలు పాతి, వాటి మధ్య ఒక్క పోగు దారం బిగించి, చక్రం తిప్పేవాడు. చక్రం దారానికి తగిలిన చోట స్పోకు పుల్లలు ఒక పక్క బిగించి, ఇంకో పక్క వదులు చేసేవాడు. వెంట్రుక కంటే సన్నమైన దారం వణికితే చాలు, ఆయనకు తప్పు తెలిసిపోయేది. శిడ్లఘట్ట రోడ్డులో సైకిల్ అంగడి పెట్టుకున్న చంద్రు ఒకరోజు వచ్చి ఆ చక్రం రెండు మూడుసార్లు తిప్పి చూశాడు.

"నా దగ్గర మిషను ఉండాది నంజప్పన్నా, ఇంత నేరుగా రాదు" అని, తన దగ్గర పాతబడి ఉన్న గేరు సామాను ఊరికే తెచ్చి బిగించి పోయాడు.

మొదటిసారి గేరు మార్చిన రోజు నంజప్ప గుండె ఝల్లుమంది. బొటనవేలితో చిన్న మీట నొక్కితే చైను తనంతట తాను పెద్ద పళ్ళచక్రం మీదికి ఎక్కి కూర్చుంది, కాళ్ళ కింది బరువు సగం ఎవరో తీసుకున్నట్టయింది. ఆయన దిగి, వెనక చక్రం పైకెత్తి, ఆ మీట ఇరవైసార్లు నొక్కి చూశాడు.

మరునాడు తెల్లవారుజామునే సైకిల్ మీద గుట్టెక్కాడు. మనం కార్లలో పోతూ ఈ గుట్టలను చూసి బోడి రాళ్ళంటాం. మన కళ్ళకు ఏం పట్టిందో ఏమో. పైన శిఖరం చేరేసరికి కింద లోకమంతా మంచు. ఆ మంచులోంచి బండలు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి. ఒక పక్క చింతామణి దాకా, ఇంకో పక్క బాగేపల్లి దాటి ఆంధ్రా దాకా గుట్ట వెనక గుట్ట, దాని వెనక ఇంకో గుట్ట. ఎండ మొదట దూరపు కొనల మీద పడి, ఒక్కో వరుస దాటుకుంటూ ఆయన వైపు నడిచి వచ్చింది. పదేళ్ళు తిరిగిన చోటే. కానీ మేకలు కాసేవాడి కళ్ళు మేకల మీదే ఉంటాయి. ఇదంతా తన ఇంటి వెనక ఇన్నేళ్ళూ ఉందని తలుచుకుంటే నంజప్పకు ఒళ్ళు జలదరించింది, ఎందుకో ఏడుపొచ్చింది. చేతులెత్తి దండం పెట్టాడు. ఎవరికి పెట్టాడో ఆయనకే తెలియదు.

ఆ ఊపులోనే తప్పు చేశాడు.

గుట్ట దుమ్ముతో చైను కరకరలాడుతోందని దాన్ని ఊడదీసి కిరసనాయిల్లో కడిగాడు. కడిగిన చైనునూ, తుడిచిన గుడ్డలనూ ఆరడానికి షెడ్డు పక్కనున్న మల్బరీ కొమ్మల మీద వేశాడు. తోటలో పనిచేసేవాడికి తువ్వాలైనా, సద్దిసంచి అయినా మల్బరీ కొమ్మే చిలక్కొయ్య. చేయి దానంతటదే అటు పోతుంది. సాయంత్రం చైను తీసుకున్నాడు, కొమ్మల సంగతి మరిచాడు. మరునాడు ఆయన గుట్ట మీద ఉండగా అక్కమ్మే ఆ పక్క నుంచి ఆకు కోసుకుపోయింది.

పురుగు పెరుగుతూ నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు తిండి మాని కదలకుండా ఉంటుంది కాబట్టి దాన్ని ఇక్కడ జ్వరమంటారు. నాలుగో జ్వరం దాటాక వారం రోజులు రాక్షసి ఆకలి. ఆ ఆకలి తీరితేనే గూడు కడుతుంది, తీరకపోతే నెల కష్టం మట్టి. సరిగ్గా ఆ వారంలో మూడో రోజు, మూడు తట్టల పురుగులు మెలికలు తిరిగి, పచ్చరసం కక్కి చచ్చిపోయాయి. అక్కమ్మ మిగిలిన ఆకు ముక్కు దగ్గర పెట్టుకుంది, కిరసనాయిలు కంపు. చచ్చిన పురుగులను సున్నం చల్లి పూడ్చి వచ్చి, మొగుడి ముందు నిలబడింది.

"సీమనూనె" అంది. "నీ చేతులతోనే చంపినావు. ఈ పంట దిగేదాకా ఈ గడప తొక్కొద్దు. షెడ్డు పక్క తోట ఆకు ఒక్కటి కూడా నాకొద్దు."

షెడ్డు పక్క తోటంటే సగం తోట. మిగతా సగం నాలుగు రోజులకు చాలదు. ఊళ్ళో అందరి పురుగులూ అదే ఆకలి మీద ఉన్నాయి, ఎవరి దగ్గరా ఒక్క మోపు ఆకు అదనంగా లేదు. ఆకు ఉన్నది ఒక్కచోటే. గుట్టల అవతల బాగేపల్లి తాలూకాలో అక్కమ్మ తమ్ముడు రామచంద్రప్ప ఆ నెల పురుగులు పెట్టలేదు. కానీ రోడ్డు మీద పోతే చుట్టు తిరిగి రావాలి, రెండు బస్సులు మారాలి. బస్సు పైన ఎండకు మూటలో ఆకు ఉడికిపోతుంది. ఉడికిన ఆకు కంటే ఆకు లేకపోవడమే మేలు. నెత్తిన మోసుకుని గుట్ట దాటితే రోజుకు ఒక్కసారి. సైకిల్ మీదయితే రెండుసార్లు. ఆ లెక్క నంజప్ప మనసులో పడగానే ఎవరికీ చెప్పకుండా లేచిపోయాడు.

పళ్ళచక్రాలకు ఆముదం మాత్రమే రాశాడు. వెనక వెదురు చట్రం కట్టి, దాని మీద ఉతికిన పాత చీర మడత వేశాడు. పొద్దు పొడిచేలోగా గుట్ట దాటి, మంచు తడి ఆరిన ఆకు రెండు గోనెల్లో నింపుకుని, ఎండ ముదిరేలోగా వచ్చాడు. మూటలు గడప బయట పెట్టి దూరంగా నిలబడ్డాడు. అక్కమ్మ ఆకు వాసన చూసింది. మూటలు లోపలికి తీసుకుపోయింది. సాయంత్రం మళ్ళీ రెండు మూటలు వచ్చాయి.

"బావా, నీకు నలభై ఆరేండ్లు. ఇంగ చాలు, రేపు నేనే మోసుకోనొస్తా" అన్నాడు రామచంద్రప్ప రెండో రోజు.

"నువ్వు మోస్తే ఒక తూరి. నేను రెండు తూర్లు" అని మూటలు బిగించాడు నంజప్ప.

తొడలు మండుతున్నాయి, అరచేతులు పొక్కులెక్కాయి. అయినా శిఖరం చేరిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగేవాడు. ప్రతిసారీ అది కొత్తగానే ఉండేది. ఒకసారి మేఘం నీడ పది గుట్టలను వరుసగా దాటి పోవడం చూశాడు. ఒకసారి తన కాళ్ళ కిందుగా గద్ద తిరుగుతుంటే దాని వీపు చూశాడు. గద్ద వీపు చూడటానికి ఒక మనిషికి ఎంత అదృష్టం ఉండాలి అనుకున్నాడు. వెంటనే పురుగులు గుర్తొచ్చి, సిగ్గుపడి, తొక్కాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆఖరి మేత. ఆ మేత పడితే పురుగు గూటికి పోతుంది. ఆ మూటలతోనే శిఖరం దాటి దిగుతుండగా బ్రేకు తీగ పుటుక్కున తెగింది. మూటల బరువుకు సైకిల్ బండ మీద జారింది. నంజప్ప కాళ్ళు నేలకు తన్నిపెట్టి, మోకాలు గీరుకుపోతున్నా హ్యాండిల్ వదల్లేదు. ఒక తుమ్మ పొదకు తగిలి ఆగింది. మూటలు కట్టింది కట్టినట్టే ఉన్నాయి. తువ్వాలు తీసి వెనక చట్రానికి ముడివేసి, ముకుతాడు పట్టి ఎద్దును ఆపేవాడిలా వెనక్కి గుంజుతూ అడుగడుగునా దింపుకుంటూ వచ్చాడు. ఎండ ముదురుతోంది. అరగంట దారికి రెండు గంటలు పట్టింది. మూట లోపలికి చేయి పెట్టి ఆకు చల్లగా ఉందో లేదో చూడాలంటే భయం.

గుట్ట మొదట్లో అక్కమ్మ నిలబడి ఉంది. మేత వేళ ఆమె పురుగులను వదిలి బయటికి రావడం పెళ్ళయ్యాక అదే మొదలు. మొగుడి మోకాలి నెత్తురు చూసింది, తువ్వాలు ముడి చూసింది. మూట విప్పి ముఖం లోపలికి పెట్టింది.

"చల్లగా ఉండాది" అని, ఒక మూట నెత్తిన పెట్టుకుని పరుగులాంటి నడకతో పోయింది.

నంజప్ప రెండో మూట గడప దగ్గర చేర్చి వాకిట్లో కూలబడ్డాడు. లోపల ఏమవుతోందో తెలియదు. తిన్నాయో, తినకుండా తలలు వాల్చాయో. ఎండ వాకిలి దాటి గోడ ఎక్కింది. పొద్దు వాలుతుండగా అక్కమ్మ గడపలోకి వచ్చింది.

"మామా, రా."

"చేతుల నిండా మసి ఉండాది మే. కడిగినా పోలేదు."

"చేతులు యెనక్కి కట్టుకోని రా."

ఆయన సున్నం తొక్కి, కాళ్ళు కడుక్కుని, బడిపిల్లవాడిలా చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి వెళ్ళాడు. తట్టల నిండా గూడు కట్టడానికి పండిన పురుగులు. ఒళ్ళు పసుపు తిరిగి, లోపలి నుంచి వెలుగు తెలుస్తూ, తలలెత్తి గాలిలో అటూ ఇటూ తిప్పుతున్నాయి. అక్కమ్మ వాటిని ఏరి, చంద్రిక అనే గుండ్రటి వెదురు తడికె మీద వరుసగా వదులుతోంది. ఒకదాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి ఆయన కళ్ళ ముందు పట్టింది. దాని నోటి నుంచి పోగు ఒకటి, ఉందా లేదా అన్నట్టు, ఆమె వేలికి అంటుకుని సాగింది.

ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంటికి ఆకు మోసిన మనిషి. ఆ ఆకు దారమయ్యే క్షణాన ఎప్పుడూ తోటలోనే ఉన్నాడు. నంజప్ప ఊపిరి తగిలితే ఆ పోగు తెగుతుందేమోనని మొహం పక్కకు తిప్పుకుని, ఓరగా చూశాడు.

"కనబడిందా?" అంది అక్కమ్మ.

"ఇది గుట్ట దాటొచ్చిన ఆకేనా మే?"

"ఈ పొద్దు నువ్వు తెచ్చిందే" అంది ఆమె, ఆ పురుగును మెల్లగా తడికె మీద వదులుతూ.