రెడ్డెమ్మ పేరున ఎక్కిన ఆవు

నాలుగేళ్లుగా ఒక ఆవు ఫొటో నా గుండె మీద బరువుగా కూర్చుని ఉంది. నాకు చదువు సంతకం వరకే. అందుకే నోటితో చెప్తున్నాను. వినేవాళ్లు నన్ను తిట్టుకున్నా సరే, ఆపకుండా వినండి.

మాది పుంగనూరు పక్క పల్లె. మా ఆయన పోయాక ఊరి పాల సంఘంలో ఆవుల బీమాకు ఫొటోలు తీసే పని నాకిచ్చారు. మనిషికి వేలిముద్ర ఎట్లానో ఆవుకు మూతి మీది గీతలు అట్లా. ఒకసారి ఎక్కిస్తే ఫోన్‌లోని కృత్రిమ మేధ ఆ ఆవును మళ్లీ గుర్తుపడుతుంది. ఎదురింటి రెడ్డెమ్మ ఆవు మూతి నిలపలేదు. రెండుసార్లు కుమ్మింది. విసుగొచ్చి, బీమా లేని నా రెండో ఆవు మూతి తీసి ఆమె పేరున ఎక్కించాను. ఆవు మూతులన్నీ ఒకటే అనుకున్నానా? లేదు. తెలిసే చేశాను.

రెడ్డెమ్మ ఆవు చచ్చింది. బీమా డబ్బు కోసం దాని మూతికి ఫోన్ పెడితే, ఇది ఆ ఆవు కాదంది. వేరే ఆవును చూపిందని రెడ్డెమ్మను సంఘం నుంచి తీసేశారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

తర్వాత ఢిల్లీ నుంచి ఒక పరిశోధన సంస్థ వాళ్లొచ్చి మదనపల్లెలో ఫొటోలు తీసే మమ్మల్ని కూర్చోబెట్టారు. ఇట్లాంటి యంత్రాలకు ఏ కట్టుబాట్లు ఉండాలో దేశాలన్నీ కూడి మాట్లాడుకుంటాయట. ఆ సభకు పుస్తకం రాసిచ్చేది వీళ్లట. యంత్రం కాదన్నాక మనిషి వచ్చి మళ్లీ చూడాలని రూలు ఉండాలా అని అడిగారు. రెడ్డెమ్మకు కావలసింది అదే. కానీ మనిషి వస్తే నా కొట్టంలోని ఆవు బయటపడుతుంది.

"అక్కర్లేదు మేడం. అది అబద్ధం సెప్పదు. మనుషులే సెప్తారు" అన్నాను.

ఆ మాట వాళ్లకు ఎంత నచ్చిందో. ఒక్కరైనా మా వీధిలోకొచ్చి ఎదురింటి తలుపు తట్టలేదు. ఏడాదికి పుస్తకం పంపారు, నా ఫొటోతో. నా మాట సభలో చదివారట. మనిషి మళ్లీ చూడాలన్న రూలు పెట్టకుండా వదిలేశారట.

కుప్పంలో కూతురింటికి పోతూ రెడ్డెమ్మ మా ఇంట్లో ఆ పుస్తకం చూసింది.

"ఫొటోలో బాగా పడిండావక్కా. ఇది యాడికి పోయింది?"

"దేశాలన్నిటికీ పోయిందంట."

"నీ మాట అంత దూరం పోయిందా. నా మాట ఈ వీధి కూడా దాటలే."

పుస్తకం తీసుకుని లోపల పెట్టాను. ఆమె బస్సెక్కింది.

ఆ ఆవు ఇంకా నా కొట్టంలోనే ఉంది. నేను దాని పాలు తాగుతున్నాను. ఇప్పటికీ దాని మూతికి ఫోన్ పెడితే రెడ్డెమ్మ పేరే చూపిస్తుంది. ఆ పేరు మాత్రం నేను చదవగలను. అది అబద్ధం చెప్పదని నేనే కదా అన్నాను.

చెప్పాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకు మించి అడిగే మొహం నాకు లేదు.